శేషమ్మ పాలు, దొరసాని ఏనుగు

సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు దయామణి బడి ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. ఆ సంగతి బందరు ఇంగ్లీషుపాలెంలో అందరికీ తెలుసు. తెలియనట్టు తిరుగుతున్నవాడు ఒక్కడే. ఆమె మొగుడు కృపావరం.

శుక్రవారం సాయంత్రం అతను రిక్షాలో దిగాడు. అతని పక్కన, అతనికంటే దర్జాగా, ఒక ఇనుప సామాను కూర్చుని ఉంది. గుండ్రటి పొట్ట నున్నగా మెరుస్తోంది. ముందు నుంచి వేలాడుతున్న నల్లటి గొట్టం దారి పొడవునా రిక్షావాడి వీపు గోకుతూ వచ్చినట్టుంది, వాడు ఒకచేత్తో వీపు తడుముకుంటున్నాడు.

“ఏంటండీ అది?” అంది దయామణి గుమ్మంలో నుంచి.

“నీ బడి,” అన్నాడు కృపావరం. “నీ బడిని నిలబెట్టే మిషను. జరుగు, తొండం తొక్కుతావు.”

దయామణి తన ఇంటి ముందు హాల్లో చిన్నపిల్లల బడి నడుపుతోంది. ట్రైనింగయిన టీచరు. పిల్లలు ఆమె కొంగు వదలరు, వాళ్ల తల్లులు ఆమె మాట జవదాటరు. కాని బడికి సర్కారు గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే ఇక్కడ చదివిన పిల్లల్ని పెద్దబడిలో చేర్చుకోరు. చేర్చుకోకపోతే వచ్చే ఏడు ఈ హాల్లో కుర్చీలుంటాయి, పిల్లలుండరు.

ఆ కుర్చీల దగ్గరే వచ్చింది గొడవ. పోయిన నెల ఇన్‌స్పెక్ట్రెస్ కనకదుర్గగారు గుడివాడ నుంచి రైల్లో వచ్చారు. పాఠాలు విన్నారు, పాటలు విన్నారు, తల పంకించారు. అంతా అయిపోయి వెళ్లబోతూ, పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని దాని మీద కూర్చుని చెప్పులు తొడుక్కున్నారు. లేచేసరికి మల్లెపువ్వులాంటి చీర మీద ఇంకూ, ఆముదమూ, ఎప్పటిదో బెల్లం పాకమూ కలిసిన మచ్చ.

“ఇవి కుర్చీలా, బొగ్గు బస్తాలా?” అన్నారావిడ. “మళ్లీ వస్తాను. అప్పటికీ ఇవి ఇలాగే ఉంటే నా సంతకం మీద ఆశ పెట్టుకోకండి.”

కుర్చీలకు వీపంతా సన్నటి కమ్మీలు. రంగులేసే మనిషి వాటిని చూసి, కమ్మీల సందుల్లో కుంచె దూరదన్నాడు. దూరినా బందరు గాలికి రంగు ఆరదన్నాడు. అవనిగడ్డలో పెళ్లివారి ఇల్లు ఒప్పుకున్నానని లాంచీ ఎక్కి పోయాడు.

అప్పుడు కృపావరానికి దొరసాని వేలం గుర్తొచ్చింది. మిషను ఆస్పత్రి దొరసానిగారు స్వదేశానికి వెళ్లిపోతూ ఇంటి సామానంతా వేలానికి పెట్టారు. జిల్లా కోర్టులో టైపిస్టు కావడం వల్ల కృపావరం వేలంపాటలు రోజూ వింటాడు, ఎప్పుడూ పాడలేదు. జీవితంలో మొదటిసారి నోరు తెరిచి పాడాడు. ఎదురుపాట పాడడానికి అది ఏమిటో మిగతావాళ్లకు తెలియలేదు. అతనికీ సరిగ్గా తెలియదు.

“దుమ్ము పీల్చే మిషను,” అన్నాడు ఇప్పుడు దాన్ని, పసిపిల్లకు చొక్కా తొడుగుతున్నంత ప్రేమగా, గుడ్డతో తుడుస్తూ. “ముందు పీలుస్తుంది. వెనకనుంచి ఊదుతుంది. ఊదే వైపు ఈ సీసా తగిలించి, సీసాలో రంగు పోసి, ఈ పిస్తోలు మీట నొక్కితే తుంపర. కమ్మీలేంటి, సూది బెజ్జంలోకైనా దూరుతుంది. రంగు డబ్బా కూడా ఇచ్చారు. అరగంటలో ఆరిపోయే రంగట.”

“మీకు వాడడం తెలుసా?”

“టైపు నేర్చుకోకముందు టైపు తెలుసా నాకు?”

అతని టైపు సంగతి జిల్లా జడ్జీగారే చెప్పాలి.

మర్నాడు శనివారం. బడి ఒంటిపూట. పిల్లలు వెళ్లాక ఏనుగును పెరట్లోకి మోశారు. అప్పటికే దాన్ని పేటంతా ఏనుగు అనే అంటోంది. దాన్ని చూడ్డానికి పెడన నుంచి కృపావరం స్నేహితుడు నాంచారయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. అద్దకం పని అతనిది. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఎరుపో నలుపో. భుజం మీద ఉతికిన కోరాగుడ్డ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

“ఊదు బావా, చూద్దాం,” అన్నాడు.

కృపావరం మీట నొక్కాడు. ఏనుగు గుర్రుమంది. మరుక్షణం నాంచారయ్య భుజం మీద కోరాగుడ్డ ఎగిరి తొండంలోకి పోయింది. దాని వెనకే అతని చొక్కా చేయి కూడా బయల్దేరింది.

“బావా, ఇది ఊదట్లేదు. నన్ను తినేస్తంది.”

తొండం ముందు వైపుకు తగిలించారన్నమాట. విప్పి వెనక్కి తగిలించారు. ఈసారి ఊదింది. ముందు దొరసానిగారింట్లో నాలుగేళ్ల దుమ్ము ఊదింది. తరవాత కోరాగుడ్డ ఊదింది. ఆ తరవాత గాలి వచ్చింది.

ఇక రంగు. డబ్బా మూత తీస్తే లోపల మీగడలా గట్టిగా, తెల్లగా ఉంది. చెంచా నిలబెడితే నిలబడింది. ఇంత చిక్కగా ఉంటే పిస్తోలు మూతికి ఎక్కదు. దేంతోనో పలచన చెయ్యాలి. డబ్బా మీద ఇంగ్లీషులో రాసే ఉంది, ఫలానా దానితో పలచన చెయ్యమని. ఆ ఫలానా మాట మీదనే తుప్పు పట్టింది.

“కిరసనాయిలేమో,” అంది దయామణి.

“ఉండు,” అన్నాడు కృపావరం. పెద్ద అక్షరాల్లో తుప్పు పట్టకుండా మిగిలిన మాటలు రెండే. లేటెక్స్. క్రీము. అతను లోపలికి వెళ్లి డిక్షనరీ తెచ్చాడు. వేలు పెట్టి చదివాడు. చదివి అలాగే నిలబడిపోయాడు.

“లేటెక్స్ అంటే ఏంటో తెలుసా? పాలు.”

“ఏం పాలు?”

“చెట్టు పాలనుకో. ఏ పాలైతేనేం. క్రీము అంటే మీగడ. పైన పాలని రాశాడు, కింద మీగడని రాశాడు. పాలల్లో నుంచి వచ్చిన మీగడని దేంతో పలచన చేస్తారు?”

“రంగులో పాలు పోస్తారా ఎవరైనా?”

“ఎవరైనా ఏంటి చెల్లెమ్మా, మేం పోస్తాం,” అన్నాడు నాంచారయ్య. తన వృత్తి మాట వచ్చేసరికి అతని గొంతు పెద్దదైంది. “అద్దకానికి ముందు గుడ్డని కరక్కాయ కలిపిన గేదె పాలల్లో ముంచి తీస్తాం. పాలు తగలకపోతే రంగు నిలవదు, పక్కకి పాకి పారిపోద్ది. మా తాతల నాటి నుంచి అంతే. ఆ దొరలు మా పెడన వచ్చి చూసిపోయి ఉంటారు.”

“కరక్కాయ కూడా వెయ్యమంటావా?”

“వద్దు బావా, పసుపెక్కుద్ది. నీది తెలుపు.”

పిల్లలకు రోజూ పది గంటలకు తలా అరగ్లాసు పాలు ఇస్తుంది దయామణి. వీధి చివర శేషమ్మ పోసే గేదె పాలు. ఆ పూట మిగిలినవి చెంబుడు ఉన్నాయి. నమ్మకం లేకుండానే తెచ్చి ఇచ్చింది.

పోశారు, కలిపారు, కోరాగుడ్డలో వడపోశారు. కృపావరం ఒక కంటితో గురి చూసి, ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీదకు మీట నొక్కాడు.

తెల్లవారుజామున వరిచేల మీద దిగే మంచులాగా దిగింది రంగు. బొట్టు జారలేదు, చార పడలేదు. అతుకుల్లోకి, సందుల్లోకి, మేకు తలకాయ వెనక్కి పాకింది. అరగంట తరవాత దయామణి వేలితో తాకి చూసింది. పొడిగా ఉంది. చెంపకు ఆనించి చూసింది. నున్నగా ఉంది.

“ఏవండీ,” అంది.

“టైపు నేర్చుకోకముందు,” అని మొదలుపెట్టాడు కృపావరం.

“సర్లెండి.”

మిగిలిన పొద్దంతా ముగ్గురూ కూర్చుని కుర్చీలన్నిటినీ సోడా నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్దారు. ఆదివారం పని లేదు. ఏనుగుకైనా ఆదివారం విశ్రాంతి దినమే అంది దయామణి, గుడికి వెళ్తూ దాని మీద దుప్పటి కూడా కప్పింది. సోమవారం పొద్దున్నే మొదలుపెడితే పన్నెండింటికి అయిపోతుంది. మూడింటికి ఇన్‌స్పెక్ట్రెస్. పిల్లల్ని భోజనాలయ్యాక రమ్మని చెప్పారు. వాళ్ల పాలు కూడా అప్పుడే, ఆవిడ ఎదుటే ఇవ్వాలని దయామణి ఆలోచన. లెక్క సరిపోయింది.

సోమవారం పొద్దున శేషమ్మ పెద్ద తపేలాతో పాలు తెచ్చి, ఎప్పుడూ లేనిది, మూత మీద తడిగుడ్డ కూడా కప్పి ఇచ్చింది. తన గేదెను పెరటి పక్క సందులో కట్టుకుంది. కృపావరం సెలవు పెట్టాడు. నాంచారయ్య వచ్చాడు. కుర్చీలు పెరట్లో వరసగా నిలబడ్డాయి. రంగులో పాలు పోశారు, కలిపారు. వడపోసేటప్పుడు నాంచారయ్యకు ఎందుకో పిండడం బరువనిపించింది. పొద్దున్నే కదా, చేతులు ఇంకా లేవలేదనుకున్నాడు.

కృపావరం మీట నొక్కాడు.

ఏనుగు గుర్రుమంది. ఒక చీర పొడవున నేల మీద తుంపర పడింది. తరవాత దగ్గింది. ఇంకోసారి దగ్గి, బఠాణీగింజంత ముద్ద ఒకటి ఉమ్మింది. అది మొదటి కుర్చీ నుదుటి మీద పడి మెల్లగా జారడం మొదలుపెట్టింది.

“ఏంటిది?” అన్నాడు కృపావరం.

సూదితో మూతి పొడిచి మళ్లీ నొక్కాడు. ఈసారి ముద్ద అతని కళ్లజోడు మీదకే వచ్చింది. మళ్లీ పొడిచాడు. మళ్లీ నొక్కాడు. ఏనుగు లోపల ఎక్కడో గాలి బిగపట్టుకుంది. దాని గొంతు సన్నగా, ఇంకా సన్నగా, ఈలలాగా పైకి పోయింది.

“మీట వదలండి,” అంది దయామణి.

వదిలేలోపల పిస్తోలు మూతి ఊడి ఎగిరింది. దాని వెనక అరచెంబు రంగు ఒక్కుమ్మడిగా లేచి, ముగ్గురి మీదా చిమ్మి, నాంచారయ్య వంగిన వీపు మీదుగా, ప్రహరీగోడ మీదుగా, సందులోకి దూకింది. తరవాత అవతల నుంచి గేదె అరిచింది.

పెరట్లో నిలబడ్డవాళ్లలో నల్లగా మిగిలినవి నాంచారయ్య చేతులు మాత్రమే. కృపావరం మీసం తెల్లబడి అతను ముప్ఫై ఏళ్లు ముందుకు వెళ్లిపోయాడు.

“నాకు ముసలాడితో పెళ్లి చేశార్రా దేవుడా,” అంది దయామణి. నవ్వాలో ఏడవాలో తెలియక మెట్టు మీద కూర్చుంది. పదిన్నరయింది. కుర్చీలన్నీ ముడికర్రలా ఎదురుగా నిలబడి ఉన్నాయి, మొదటిదానికి నుదుటి మీద బొట్టు.

సందువైపు తలుపు దబదబా బాదారు. శేషమ్మ.

“నా గేదేదమ్మా?”

“అక్కడే ఉంది గదా,” అన్నాడు నాంచారయ్య గోడ మీదుగా తొంగి చూసి.

“అది నా గేదె కాదు. నా గేదె నల్లది.”

“ఇటు పక్క తెల్లది. అటు పక్కకెళ్లి చూడు, నీదే.”

శేషమ్మ అటు పక్కకు వెళ్లి చూసింది. తిరిగొచ్చి కొంగు నడుముకు బిగించింది. కాని దయామణి అప్పటికి ఆమె మాట వినడం లేదు. మెట్టు మీద కూర్చుని, ఒకదాని తరవాత ఒకటి, తీసేసుకుంటూ పోతోంది. శనివారం పనిచేసిన మిషనే ఇది. ఆ డబ్బాలో రంగే ఇది. అదే చెయ్యి, అదే కోరాగుడ్డ. మరి మారిందేమిటి?

లేచి వంటింట్లోకి వెళ్లింది. తపేలా మూత తీసింది. అంచున వేలు పెట్టి తీసింది. వేలికి మందపాటి వెన్న పొర అంటుకుంది. రెండేళ్లుగా శేషమ్మ పాలు పోయించుకుంటోంది. ఆ పాలల్లో ముంచిన వేలు ఎప్పుడూ కడుక్కున్న వేలులాగే బయటికి వచ్చేది.

“శేషమ్మా,” అంది పెరట్లోకి వచ్చి, “ఇవాళ పాలు ఎక్కడివి?”

“నా గేదెవే. నల్లగా ఉన్నప్పుడు ఇచ్చినయ్యి.”

“శనివారం పాలో?”

“అయ్యీ దానివే.”

“రెండూ ఒకటేనా?”

“నా పాలు ఎప్పుడూ ఒకటే పంతులమ్మగారూ. నా పాలల్లో నీళ్లు కలుపుతానని మీతో ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు,” అంది దయామణి. “కలపమని నేనడుగుతున్నాను.”

పాల వ్యాపారంలో శేషమ్మ జుట్టు నెరిసింది. నీళ్లు కలిపావని తిట్టినవాళ్లున్నారు, దెబ్బలాడినవాళ్లున్నారు, పాలు మానుకున్నవాళ్లున్నారు. కలపమని బతిమాలిన మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

“ఇదేదో ఎర,” అంది అనుమానంగా. “ఆ ఇన్‌స్పెట్రమ్మని లోపల దాచారా?”

“ఆవిడ రావడానికి ఇంకా టైముంది. ఆవిడంటే నీకెందుకు భయం?”

“గుడివాడలో మా చెల్లెలు చెప్పింది. ఆవిడ సంచీలో గాజుగొట్టం ఉంటదంట. పాలల్లో ఏస్తే, నీళ్లుంటే మునిగిపోద్దంట. పోసినామె ఎవరో పిలిపించి మరీ అడిగిద్దంట. అందుకని ఇయ్యాల…” అని శేషమ్మ నాలిక కరుచుకుంది.

“ఇవాళ కలపలేదు,” అన్నాడు కృపావరం కళ్లజోడు తుడుచుకుంటూ, మెల్లగా, కోర్టులో తీర్పు టైపు చేస్తున్నట్టు.

“నేనట్టా అన్లేదు.”

“చూడు శేషమ్మా,” అంది దయామణి. ఆమె గొంతు ఇప్పుడు చిన్నదైంది. “నువ్వు కలుపుతావని నేను అనను. ఎప్పటికీ అనను. కాని శనివారం పాలు ఎంత పలచనో, ఈ రంగు అంత పలచన కావాలి. అది నీ ఒక్కదాని చేతికే తెలుసు. ఈ కుర్చీలు తెల్లబడకపోతే మూడింటికి నా బడి పోతుంది. రేపట్నుంచి నీ పాలు ఎవరికి పొయ్యను?”

ఆఖరి మాట శేషమ్మను కదిలించింది. చెంబు కోసం చెయ్యి చాపింది.

“అటు తిరగండి,” అంది.

“ఎందుకు?”

“తిరగండి. మా ఆయనక్కూడా చూపించలేదు నేను.”

ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. వెనక బావి గిలక కిర్రుమంది. చెంబులో నీళ్లు పడిన చప్పుడు. మళ్లీ పడిన చప్పుడు. మళ్లీ.

“అమ్మో,” అన్నాడు నాంచారయ్య గోడతో.

“తిరక్కండి, ఇంకా అవలేదు,” అంది శేషమ్మ.

తిరిగి చూసేసరికి చెంబు ముందు శేషమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కృపావరం తొంగి చూశాడు. “ఇందులో పాలేవి?”

“పాలా? ఇంకా పొయ్యలేదు. పాలు ఆఖర్న పోస్తాం. రంగు కోసం, కొంచెం.”

దయామణి ఆ చెంబు వంక చూసింది, రంగు డబ్బా వంక చూసింది, తుప్పు వంక చూసింది. పకపకా నవ్వడం మొదలుపెట్టింది. గోడకు చేరబడి నవ్వింది.

“పాలు అక్కర్లేదండీ. తుప్పు కింద ఉన్నది నీళ్లే. శనివారం మనం పోసింది కూడా నీళ్లే.”

“మరి లేటెక్స్ అంటే పాలు గదా? క్రీము అని రాసి ఉంది గదా?”

“అది పేరు. మీ పేరు కృపావరం. మీలో ఎంత కృప ఉందో, ఎంత వరమో, కాపురం చేస్తున్నదాన్ని నాకు తెలీదా?”

“ఒక్క చుక్క పాలు వేస్తే,” అన్నాడు నాంచారయ్య.

“అన్నయ్యగారూ, మీరు గుడ్డ పట్టుకోండి.”

ముద్దలు కట్టిన రంగు పారబోశారు. సీసా కడిగారు, మూతి వెతికి తెచ్చి బిగించారు. డబ్బా అడుగున ఉన్న మంచి రంగులోకి శేషమ్మ నీళ్లు వంచింది. ఇంతింత వంచి, చెంచాతో ఎత్తి జారుడు చూసి, ఇంకాస్త వంచి, చాలంది. ఎన్ని చెంబులని ఎవరూ అడగలేదు.

కృపావరం గురి చూశాడు.

మంచు దిగింది.

ఆ తరవాత గంటన్నర ఇంగ్లీషుపాలెంలో ఎవరూ వంట సరిగ్గా చెయ్యలేదు. ఆడవాళ్లంతా గోడ మీదే. కృపావరం ఏనుగు చుట్టూ తిరుగుతూ, వంగుతూ, మోకాళ్ల మీద పాకుతూ ఊదుతున్నాడు. నాంచారయ్య కుర్చీలు తిప్పుతున్నాడు. దయామణి ఆరినవాటిని ఎత్తి హాల్లో వేస్తోంది. శేషమ్మ రంగు చిక్కబడ్డప్పుడల్లా, ఇప్పుడిక దాపరికం లేకుండా, అందరి ఎదుటా నీళ్లు కలుపుతోంది.

“కలుపు శేషమ్మా, కలుపు,” అంటోంది గోడ మీద నుంచి ఒకామె. “ఎట్టా కలుపుతావో ఇన్నాళ్లకి చూసే భాగ్యం కలిగింది.”

“నువ్వు పోయిన నెల పాల డబ్బులియ్యి, ఇంకా చూపిస్తా,” అంది శేషమ్మ తలెత్తకుండా.

ఆఖరి కుర్చీ తెల్లబడేటప్పటికి ఒంటిగంటయింది. పిల్లలొచ్చారు. కుర్చీలు చూసి లోపలికి రామన్నారు, వేరే బడికి వచ్చామనుకుని.

మూడింటికి కనకదుర్గగారి రిక్షా ఆగింది. ఆవిడ ఈసారి బూడిదరంగు చీరలో వచ్చారు. హాల్లోకి వచ్చి ఒక కుర్చీ ముందు ఆగి, తెల్ల చేతిరుమాలు తీసి సీటు తుడిచారు. రుమాలు చూసుకున్నారు. కమ్మీల సందులో వేలు దూర్చి తుడిచారు. మళ్లీ చూసుకున్నారు. కూర్చున్నారు. లేచి, మెడ తిప్పి చీర వెనక చూసుకుని, మళ్లీ కూర్చున్నారు.

“ఎవరు వేశారు?”

“మా ఇంట్లోనేనండీ,” అంది దయామణి.

“బాగున్నాయి.” ఆవిడ సందువైపు కిటికీలో నుంచి బయటికి చూశారు. “ఆ గేదెకు బొల్లి వచ్చిందా?”

“లేదండీ. అది పుట్టుమచ్చ,” అన్నాడు కృపావరం.

“అంత మచ్చా? సరే, పిల్లలకు పాలిస్తున్నామన్నారు కదా. చూడొచ్చా?” అని ఇన్‌స్పెక్ట్రెస్ సంచీలో చెయ్యి పెట్టి గాజుగొట్టం తీశారు.

వెనక గుమ్మంలో శేషమ్మ తలుపు చాటుకు జరిగింది. దయామణికి మాత్రం బెరుకు లేదు. ఇవాళ తపేలాలో ఉన్నది నల్లగేదె ఇచ్చినది ఇచ్చినట్టే. “శేషమ్మా, వంటింట్లో పాలున్నాయి, గిన్నెలో తీసుకురా,” అంది.

శేషమ్మ వెనక్కి తిరిగి గొట్టం వంకే చూస్తూ వెళ్లి, చేతికందిన గిన్నె తెచ్చింది. కనకదుర్గగారు గొట్టం అందులో వదిలారు.

గొట్టం మునగలేదు. సగం కూడా మునగలేదు. కొంగ ఒంటికాలి మీద నిలబడ్డట్టు నిలబడింది. ఆవిడ వేలితో కిందికి నొక్కారు. వదలగానే లేచింది.

“గేదె పాలేనా?”

“గేదెవేనమ్మా,” అంది శేషమ్మ. తన ప్రాణాలు నిలబెట్టిన ఆ గొట్టం వంక భక్తిగా చూస్తోంది.

“ఎన్ని బళ్లు చూశాను. గొట్టం గీతలు దాటి నిలబడ్డ పాలు ఎక్కడా చూడలేదు. ఒక గ్లాసిలా ఇవ్వండి.”

ఆవిడే గ్లాసులోకి వంపుకున్నారు. పైకెత్తారు. అప్పుడు దయామణి కళ్లు గిన్నె మీద పడ్డాయి. అంచుకు నాంచారయ్య కోరాగుడ్డ నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది. పాల తపేలా పొయ్యి పక్కన ఉంది. ఈ గిన్నె కిటికీ దగ్గరిది. కుర్చీలయ్యాక మిగిలిన రంగు తను పోసి పెట్టింది ఇందులోనే.

నోరు తెరిస్తే, పిల్లల వంటింట్లో పాల పక్కన రంగు పెట్టుకున్న టీచరవుతుంది. గుర్తింపు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. ఆ ఆలోచన పూర్తికాకముందే ఆమె చెయ్యి వెళ్లి గ్లాసు లాగేసుకుంది.

“అవి పాలు కావండీ,” అంది. “మీరు కూర్చున్న కుర్చీ.”

ఒక పిల్ల కుర్చీ వంక చూసి, గ్లాసు వంక చూసింది.

దాచడానికి ఇంకేం మిగల్లేదు. దయామణి నిలబడి మొత్తం చెప్పింది. దొరసాని ఏనుగు, తుప్పు, డిక్షనరీ, పెడన పద్ధతి, పలచటి పాలు, చిక్కటి పాలు, గోడవైపు తిరిగి నిలబడడం. శేషమ్మ పేరు వచ్చిన చోటల్లా “ఒకామె” అంది. ఆ ఒకామె గుమ్మం వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతోంది. చెప్పడం అయ్యాక దయామణి లోపలికి వెళ్లి అసలు తపేలా తానే మోసుకొచ్చి, వేరే గిన్నెలో పోసి ఎదుట పెట్టింది.

కనకదుర్గగారు గొట్టం కడిగించి, ఆ పాలల్లో వేశారు. సరిగ్గా గీత దగ్గర నిలబడింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. భుజాలు కదిలాయి. కళ్లజోడు తీశారు. రుమాలు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని కృపావరం మంచినీళ్లు తేబోయాడు.

“గోడవైపు,” అన్నారావిడ రుమాలు వెనక నుంచి, “తిరగమందా?”

ఆ మాట అనేసరికి ఆవిడకు నవ్వు ఆగలేదు. పిల్లలు మొదలుపెట్టారు. గోడ మీద ఆడవాళ్లు అందుకున్నారు.

సంతకం పెట్టి, రిక్షా ఎక్కేముందు ఆవిడ గుమ్మం వెనకవైపు చూసి అన్నారు, “ఈ బడికి ఇకనుంచి చెప్పకుండా వస్తాను. గొట్టం తెస్తాను. రంగు గిన్నెలు వంటింట్లో కనబడకూడదు.”

రిక్షా మలుపు తిరిగాక శేషమ్మ బయటికి వచ్చింది.

“చెప్పకుండా వస్తానంది గదా పంతులమ్మగారూ. అయితే రోజూ ఇయ్యే పాలా?”

“రోజూ ఇవే.”

“మరి మా బాయిలో నీళ్లన్నీ ఏం చేసుకోను?”

“నాకు పొయ్యి,” అన్నాడు కృపావరం ఏనుగు తొండం భుజానేసుకుంటూ. “ఇంకా బీరువా ఉంది. బల్లలున్నాయి. అటు పక్క నీ గేదె ఉంది.”